గాండ్లపెంట నుంచి గుత్తాధిపత్యం దాకా: ఒక ప్రాంతీయ టెలివిజన్ యాజమాన్య చరిత్ర

గాండ్లపెంటలో శనక్కాయ చేను ఎండిపోయిందన్న సంగతి గాండ్లపెంట వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ సంగతి కదిరి దాటి, అనంతపురం దాటి, రాజధానిలో నిర్ణయాలు చేసేవారి చెవిన పడాలంటే మాత్రం దానికొక దారి కావాలి. ఆ దారిని ఎవరు వేశారు, ఎవరి సొమ్ముతో వేశారు, చివరికి అది ఎవరి చేతికి పోయింది అన్నవి పైకి వ్యాపార విషయాలుగా కనిపిస్తాయి. నిజానికి అవి మన భాషకూ మన ప్రజాజీవితానికీ సంబంధించిన చరిత్ర ప్రశ్నలు.

ఈ ప్రశ్నలను పరిశీలించడానికి తెలుగునాట చెరుకూరి రామోజీరావు స్థాపించిన ఈటీవీని మించిన ఉదాహరణ లేదు. 1995లో ఒక్క తెలుగు చానల్‌గా మొదలై, పదేళ్లు తిరగకముందే అనేక భాషల్లో 12 చానళ్లుగా విస్తరించి, మరో పదేళ్లలో వాటిలో అధికభాగాన్ని వదులుకున్న సంస్థ అది. ఆ మనిషిని దేవుణ్ణి చేసినవారూ ఉన్నారు, దయ్యాన్ని చేసినవారూ ఉన్నారు. 2024 జూన్ 8న ఆయన మరణించినప్పుడు ఈ రెండు రకాల రాతలూ కుప్పతెప్పలుగా వచ్చాయి. వ్యక్తి గుణదోషాల లెక్కతో చరిత్ర తేలదు. ఒక ప్రాంతీయ పెట్టుబడి ఎలా పెరిగింది, ఎక్కడ దాని ఊపిరి చాలకపోయింది అన్నదే మనం అడగవలసింది.

1

ఈటీవీ పునాదులు టెలివిజన్‌లో లేవు, పత్రికలో ఉన్నాయి. పత్రిక పునాదులు చిట్‌ఫండ్‌లో ఉన్నాయి. కృష్ణా జిల్లా పెదపారుపూడిలో ఒక రైతు కుటుంబంలో 1936లో పుట్టిన రామోజీరావు 1962లో మార్గదర్శి చిట్‌ఫండ్‌ను ప్రారంభించారు. 1969లో ‘అన్నదాత’ అనే వ్యవసాయ మాసపత్రిక వచ్చింది. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ‘ఈనాడు’ పుట్టింది.

ఈ వరుస యాదృచ్ఛికం కాదు. కోస్తా మధ్యతరగతి నెలనెలా కట్టే చిన్న మొత్తాలు ఒకచోట చేరడం మొదటి మెట్టు. హరితవిప్లవం తర్వాత ఎరువూ విత్తనమూ కొనే స్థితికి వచ్చిన రైతును పాఠకుడిగా గుర్తించడం రెండవ మెట్టు. పెద్ద దినపత్రికలు పట్టించుకోని ప్రాంతంలో అచ్చు యంత్రం పెట్టడం మూడవ మెట్టు. అప్పట్లో విశాఖకు పత్రికలు విజయవాడ నుంచి రైల్లో వచ్చేవి, పొద్దెక్కాక గాని పాఠకుడికి అందేవి కావు. తెల్లవారకముందే గుమ్మంలో పడే పత్రిక ఒక కొత్త అలవాటును సృష్టించింది. 1975లో హైదరాబాదు, 1978లో విజయవాడ సంచికలు మొదలయ్యాయి. కొద్ది ఏళ్లలోనే అది తెలుగులో అత్యధిక సంఖ్యలో అమ్ముడయ్యే దినపత్రిక అయింది.

ఇక్కడ మరో సంగతి గమనించాలి. 1985లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తాలూకాలను చీల్చి మండలాలను ఏర్పాటు చేసింది. అంతకుముందు ఏ పనికైనా కదిరి తాలూకా కచేరీకి నడిచిన పల్లెలకు పరిపాలన కొంత దగ్గరికి వచ్చింది. మండలంతోపాటు మండల నాయకుడు వచ్చాడు, మండల కాంట్రాక్టరు వచ్చాడు, మండల తగాదా వచ్చింది. వీటన్నిటినీ వార్తగా మలచగల కొత్త క్షేత్రం తయారైంది. 1989లో ‘ఈనాడు’ జిల్లా ప్రత్యేక సంచికలు ప్రారంభించినప్పుడు అవి పడింది ఈ క్షేత్రం మీదే.

మండల విలేకరి అనే మనిషి అట్లా పుట్టాడు. అతడు జీతగాడు కాడు, ‘కంట్రిబ్యూటర్’. అచ్చయిన వార్త కొలతను బట్టి కొద్దిపాటి సొమ్ము. బతుకుదెరువుకు మరో పని ఉండాలి: బడిపంతులుగానో, బీమా ఏజెంటుగానో, చిన్న దుకాణదారుగానో. తర్వాతి కాలంలో పత్రికలన్నీ ఈ పద్ధతినే అనుసరించాయి. విలేకరితోనే ప్రకటనలూ సేకరింపజేయడం రంగమంతటా ఆనవాయితీ అయింది. అంటే తెలుగు ప్రాంతీయ వార్తా వ్యవస్థ పల్లెలోని చవకైన శ్రమమీద నిలిచింది. గాండ్లపెంట వంటి మండలం వార్తల్లోకి ఎక్కింది నిజమే. ఆ వార్త ధర అక్కడి విలేకరి చేతికి రాలేదన్నదీ అంతే నిజం.

జిల్లా పేజీలు చేసిన మేలును కాదనలేం. బోరు ఎండిన ఊరు, బస్సు రాని ఊరు, డాక్టరు లేని ఆసుపత్రి మొదటిసారిగా అచ్చులో కనిపించాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి మొదలైన సారా వ్యతిరేకోద్యమాన్ని జిల్లా జిల్లాకూ మోసుకుపోవడంలో ఈ పత్రిక పాత్ర పెద్దది. ఉద్యమాన్ని నిర్మించింది చదువు నేర్చుకుంటున్న పల్లె ఆడవాళ్లు. దాన్ని రాష్ట్రమంతటికీ వినిపించింది పత్రిక. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. పాఠకుణ్ణి నిర్మించుకున్న యజమాని ఆ పాఠకుడి కోపాన్ని కూడా వినక తప్పదన్న దానికి ఇది సాక్ష్యం. ప్రాంతీయ యాజమాన్యపు బలం ఇదే. దీన్ని గుర్తుంచుకుంటే తర్వాత జరిగిన నష్టమేమిటో బోధపడుతుంది.

2

టెలివిజన్ కథ వేరే దారిలో నడిచింది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ‘సైట్’ పేరుతో ఇస్రో, అమెరికా అంతరిక్ష సంస్థ కలిసి ఒక ప్రయోగం చేశాయి. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా బొమ్మలు వచ్చాయి. రచ్చబండ దగ్గర ఒకే సెట్టు, దాని ముందు ఊరంతా. వ్యవసాయం, ఆరోగ్యం, పిల్లల చదువు అప్పటి విషయాలు. ప్రయోగం ముగిసింది, ఉపగ్రహం వెళ్లిపోయింది. 1977 అక్టోబరులో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం తెలుగు ప్రసారాలు ప్రారంభించింది. దాని మంచి కార్యక్రమాలు ఎన్ని ఉన్నా, వార్తల్లో మాత్రం అది పాలకుల నోరుగానే ఉండిపోయింది. ప్రజల డబ్బుతో నడిచే టెలివిజన్‌ను ప్రజలది కానివ్వకపోవడమే ప్రైవేటు టెలివిజన్‌కు ఎర్రతివాచీ పరిచింది.

1991లో గల్ఫ్ యుద్ధపు దృశ్యాలతో విదేశీ ఉపగ్రహ ప్రసారాలు దేశంలో అడుగుపెట్టాయి. మేడమీద డిష్, అక్కడినుంచి ఇంటింటికీ వేలాడే తీగ: ఏ చట్టమూ లేకుండానే కేబుల్ వ్యాపారం పట్టణాల్లో అల్లుకుపోయింది. 1992లో హిందీలో జీ, 1993లో తమిళంలో సన్, మలయాళంలో ఏషియానెట్ వచ్చాయి. 1995 ఫిబ్రవరిలో తెలుగులో జెమిని మొదలైంది.

సరిగ్గా ఆ నెలలోనే, ఫిబ్రవరి 9న, సుప్రీంకోర్టు ఒక చరిత్రాత్మక తీర్పు చెప్పింది. క్రికెట్ ప్రసార హక్కుల తగాదాలో వచ్చిన ఆ తీర్పు, గాలి తరంగాలు ప్రజల ఆస్తి అనీ, వాటిపై ప్రభుత్వానికి గుత్తాధిపత్యం లేదనీ ప్రకటించింది. ఆ ధర్మాసనంలో ఒకరైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి తన ప్రత్యేక తీర్పులో, ప్రభుత్వ గుత్త ఎంత ప్రమాదమో ప్రైవేటు గుత్తా అంత ప్రమాదమేనన్న ఆలోచనను ముందుకు తెచ్చారు. స్వతంత్రమైన ప్రజాసంస్థ అదుపు ఉండాలన్నది ఆ తీర్పు సారం. మన పాలకులు ఆ తీర్పులో సగాన్ని మాత్రమే అమలు చేశారు. ప్రభుత్వ గుత్త సడలింది. ప్రైవేటు గుత్తను అరికట్టే భాగం కాగితం మీదే ఉండిపోయింది. ఈ వ్యాసంలో ఇకముందు చెప్పేదంతా ఆ మిగిలిన సగం కథే.

3

1995 ఆగస్టు 27న ఈటీవీ ప్రసారాలు మొదలయ్యాయి. ఆ రోజుల్లోనే హైదరాబాదులో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కూలిపోతున్నది. సెప్టెంబరు 1న చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రి అయ్యారు. 1983 ఎన్నికల్లో తెలుగుదేశం విజయానికి ‘ఈనాడు’ ఎంతగా తోడ్పడిందో, 1995 సంక్షోభంలో అది ఎటువైపు నిలిచిందో తెలుగు పాఠకులకు తెలిసిందే. టెలివిజన్ రాకతో ఆ రాజకీయ ప్రాబల్యానికి బొమ్మా గొంతూ తోడయ్యాయి.

అయితే ఈటీవీ విజయాన్ని ఒక్క రాజకీయంతో వివరించలేం. పత్రిక నేర్పిన పాఠాలను అది తెరమీద అమలు చేసింది. ఉదయం ‘అన్నదాత’ కార్యక్రమంలో పొలం గట్టున నిలబడి రైతు తన భాషలో మాట్లాడాడు. చీడ పట్టిన ఆకును చేత్తో పట్టుకుని చూపించాడు. 1996లో మొదలైన ‘పాడుతా తీయగా’లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం చిన్న ఊళ్ల పిల్లల చేత పాడించి, తప్పులు దిద్ది, సాహిత్యం విప్పి చెప్పారు. సాయంత్రాలను సీరియళ్లు ఆక్రమించాయి. కుటుంబమే లోకమనీ, ఓర్పే స్త్రీ ధర్మమనీ బోధించే ఆ కథల భావజాలాన్ని మన విమర్శకులు సరిగానే ఎండగట్టారు. భాష విషయంలో కూడా ఒక మాట చెప్పాలి. కృష్ణా, గుంటూరు జిల్లాల మాట తీరే ‘ప్రామాణికం’గా తెరమీద స్థిరపడింది. సీమ యాస ముఠానాయకుడికీ, తెలంగాణ యాస హాస్యగాడికీ అంటగట్టిన సినిమా అలవాటు ఇంటి గదిలోకీ వచ్చింది. అనంతపురం రైతు ‘అన్నదాత’లో తన యాసలో మాట్లాడేవాడు; అతని గురించి వార్త చదివేవారు మాత్రం మరో తెలుగులో చదివేవారు.

1996లో హైదరాబాదు శివార్లలో రామోజీ ఫిల్మ్‌సిటీ వెలిసింది. 1,666 ఎకరాల స్టూడియోగా గిన్నిస్ పుస్తకంలో అది నమోదైంది. దాని భూముల చుట్టూ దశాబ్దాలుగా వివాదాలు నడిచాయి. టెలివిజన్ చరిత్రలో దాని ప్రాముఖ్యం వేరు. సెట్లు, కెమెరాలు, ఎడిటింగ్ గదులు, వసతి అన్నీ ఒకే ఆవరణలో ఉన్న కర్మాగారం అది. అంత పెద్ద కర్మాగారం ఒక్క తెలుగు చానల్‌తో నిండదు. యంత్రం ఖాళీగా ఉంటే నష్టం. అందుచేత విస్తరణ ఆశయమే కాదు, అవసరం కూడా అయింది.

2000, 2002 సంవత్సరాల మధ్య బంగ్లా, మరాఠీ, కన్నడ, గుజరాతీ, ఒరియా, ఉర్దూ చానళ్లు వచ్చాయి. ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, రాజస్థాన్, బీహార్‌లకు విడివిడిగా హిందీ చానళ్లు వచ్చాయి. 2003 చివర తెలుగు వార్తలకు ఈటీవీ2 వచ్చింది. పాట్నా వార్తను పాట్నా కుర్రవాడు హైదరాబాదు శివార్లలో కూర్చుని చదివేవాడు. ఢిల్లీ చానళ్లు బీహారును ఎన్నికలప్పుడో వరదలప్పుడో మాత్రమే తలచుకునే రోజుల్లో, జిల్లా వార్తలనే సరుకుగా చేసుకున్న ఈ చానళ్లు నిజంగా కొత్తవి. విశాఖలో 1974లో కనిపెట్టిన సూత్రాన్నే ఆయన దేశమంతటా నాటారు. మన హిందూపురం, మడకశిర ప్రాంతాల్లో తెలుగూ కన్నడమూ కలగలిసిన ఇళ్లలో రెండు భాషల ఈటీవీలూ ఒకే తెరమీద కనిపించేవి.

4

ఇంత పెరిగిన సంస్థ ఎందుకు తగ్గింది? రాజకీయ కక్ష అని కొందరూ, ఆర్థిక అక్రమం అని కొందరూ తేల్చేస్తారు. కారణాల ముడి అంత సులభంగా విడదు.

మొదటిది టెలివిజన్ ఆదాయ స్వభావం. పత్రికను పాఠకుడు కొంటాడు. ఆనాటి కేబుల్ వ్యవస్థలో ప్రేక్షకుడు కట్టిన డబ్బులో చానల్‌కు చేరేది స్వల్పం. ఎన్ని ఇళ్లున్నాయో ఆపరేటరు చెప్పిన లెక్కే లెక్క. పైపెచ్చు తమ చానల్‌ను మంచి స్థానంలో చూపించమని చానల్ యజమానే కేబుల్ సంస్థలకు ఎదురు రుసుము కట్టవలసి వచ్చేది. ఇక మిగిలింది ప్రకటనలు. ప్రకటనదారుడు అడిగేది మహానగరాల్లోని కొనుగోలు శక్తి గల ఇల్లు. బీహారు జిల్లా వార్తను చూసే ఇంటికి అతని లెక్కలో వెల తక్కువ. వార్త సేకరణ ఖర్చు మాత్రం ఎక్కడైనా ఒకటే. అంటే ప్రజలకు ఎక్కువ అవసరమైన చానల్ మార్కెట్టులో తక్కువ లాభం తెచ్చే చానల్ అయింది.

రెండవది మూలధనం సమకూరిన తీరు. 2006 నవంబరులో అప్పటి రాజమండ్రి కాంగ్రెస్ ఎంపీ ఉండవల్లి అరుణ్‌కుమార్, హిందూ అవిభక్త కుటుంబ సంస్థ అయిన మార్గదర్శి ఫైనాన్షియర్స్ రిజర్వుబ్యాంకు చట్టం 45-ఎస్ సెక్షనుకు విరుద్ధంగా ప్రజల నుంచి సుమారు 2,600 కోట్ల రూపాయల డిపాజిట్లు సేకరించిందని ఫిర్యాదు చేశారు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం విచారణకు రంగాచారి కమిటీని వేసింది. ఆ సెక్షను తమకు వర్తించదని సంస్థ వాదించింది. డిపాజిట్లను తిరిగి చెల్లిస్తూ వచ్చింది. 2018 డిసెంబరు 31న ఉమ్మడి హైకోర్టు కేసును కొట్టివేసింది. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును పక్కనపెట్టి, తిరిగి విచారించమని తెలంగాణ హైకోర్టుకు పంపింది. న్యాయపరమైన తప్పొప్పులు తేల్చవలసింది కోర్టులు. చరిత్ర దృష్టితో చూస్తే ఒక విషయం స్పష్టం: డిపాజిట్లు తిరిగి ఇవ్వవలసిన అగత్యమూ, చానళ్ల వ్యాపారానికి కొత్త మూలధనం కావలసిన అవసరమూ ఒకే కాలంలో వచ్చిపడ్డాయి.

ఫిర్యాదు చేసినవారికి ప్రజల డిపాజిట్ల మీదున్న శ్రద్ధ ఎంత, పత్రిక నోరు మూయించాలన్న ఆసక్తి ఎంత అని అడగవచ్చు. 2008లో ‘సాక్షి’ పత్రికా, 2009లో ఆ పేరుతోనే చానలూ వచ్చాయి. తెలుగు ప్రసార రంగం రెండు శిబిరాలుగా చీలింది. ఆ రెంటి పోరులో సామాన్య ప్రేక్షకుడికి మిగిలింది, ఏ వార్తను నమ్మాలో తెలియని స్థితి.

మూడవది, అన్నిటికన్నా ముఖ్యమైనది, బయటి పెట్టుబడి ప్రవేశం. 2007 ఆరంభంలో అమెరికా పెట్టుబడి సంస్థ బ్లాక్‌స్టోన్, ఈ చానళ్లకూ పత్రికకూ మాతృసంస్థ అయిన ఉషోదయ ఎంటర్‌ప్రైజెస్‌లో 26 శాతం వాటాకు 27.5 కోట్ల డాలర్లు పెడతానన్నది. వార్తా రంగంలో విదేశీ పెట్టుబడికి అప్పటి పరిమితి సరిగ్గా 26 శాతమే. ఆ ఒప్పందం పూర్తికాలేదు. 2008లో ముంబాయి ఆర్థికవేత్త నిమేష్ కంపానీతో సంబంధమున్న సంస్థల ద్వారా పెట్టుబడి వచ్చింది. దాని వెనక రిలయన్స్ సొమ్ము ఉన్నదని బయటి లోకానికి స్పష్టమయింది 2012 జనవరిలోనే. నాలుగేళ్లపాటు తాము చూస్తున్న వార్తల వెనక ఎవరి డబ్బున్నదో ప్రేక్షకుడికి తెలియలేదు! జీవన్‌రెడ్డి తీర్పులోని అమలుకాని సగం ఎంత అవసరమో ఇంతకంటే గట్టిగా రుజువు చేసేది లేదు.

5

2012 జనవరి 3న ఒప్పందం వెల్లడైంది. రాఘవ్ బహల్ స్థాపించిన నెట్‌వర్క్18 కుటుంబంలోని టీవీ18 సంస్థ, సుమారు 2,100 కోట్లకు ఈటీవీ చానళ్లను తీసుకుంటుంది. హిందీ రాష్ట్రాల చానళ్లూ, ఉర్దూ పూర్తిగా. మరాఠీ, కన్నడ, బంగ్లా, గుజరాతీ, ఒరియా వినోద చానళ్లలో సగం. తెలుగు చానళ్లలో 24.5 శాతం. టీవీ18కు ఇందుకు కావలసిన బలాన్ని రిలయన్స్ తన ట్రస్టు ద్వారా సమకూర్చింది. 2014 ఆరంభానికి బదిలీ పూర్తయింది. అదే సంవత్సరం మే నెలలో రిలయన్స్ నెట్‌వర్క్18నే చేజిక్కించుకోవడానికి నిర్ణయించింది. రాఘవ్ బహల్ కూడా బయటికి నడిచారు. హైదరాబాదు యజమాని ఢిల్లీ యజమానికి ఇచ్చాడు, ఢిల్లీ యజమాని ముంబాయి యజమానికి ఇచ్చాడు. చేప కథలో చిన్న చేపను మింగిన చేపను మరో పెద్ద చేప మింగినట్టే.

2015లో కన్నడ, మరాఠీ, బంగ్లా, గుజరాతీ, ఒరియా ఈటీవీలు ‘కలర్స్’ అయ్యాయి. 2018 నాటికి హిందీ, ఉర్దూ వార్తా చానళ్లు ‘న్యూస్18’ అయ్యాయి. అట్లా విశాఖపట్నపు పేరు అనేక రాష్ట్రాల తెరలమీద నుంచి చెరిగిపోయింది.

తెలుగులో ఈటీవీ నిలిచింది. రాష్ట్ర విభజనతో 2014లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు వేర్వేరు వార్తా చానళ్లు వచ్చాయి. 2019లో 13 భాషల్లో ఈటీవీ భారత్ అనే డిజిటల్ వార్తా సేవ మొదలైంది. అమ్మేసిన భాషల్లోకి చౌక దారిలో మళ్లీ ప్రవేశించే ప్రయత్నం అది. కాబట్టి దీన్ని పతనమనడం సరికాదు. వెనక్కి తగ్గి, ప్రాణం నిలుపుకోవడం అనాలి.

చుట్టూ చూస్తే ఈ తగ్గుదల ఒక్కరిది కాదని తెలుస్తుంది. జెమిని చెన్నై సన్ సంస్థ చేతికి వెళ్లింది. 2005లో వచ్చిన జీ తెలుగు ముంబాయిది. మన సినిమా ప్రముఖులు భాగస్వాములుగా ఉన్న మా టీవీని 2015లో స్టార్ కొన్నది. టీవీ9 2018లో నిర్మాణ, కాంట్రాక్టు రంగాల వ్యాపారుల చేతికి పోయింది. 2024 నవంబరులో రిలయన్స్, డిస్నీ సంస్థల వినోద వ్యాపారాలు కలిసి జియోస్టార్ ఏర్పడింది. దాని విలువ 70 వేల కోట్ల రూపాయలకు పైన. ఒకప్పుడు హైదరాబాదులో పుట్టిన ‘మా’ టీవీ, ఒకప్పటి కన్నడ ఈటీవీ ఇట్లా ఒకే గొడుగు కిందికి చేరాయి. పెద్ద తెలుగు వినోద చానళ్లు నాలుగింటిలో తెలుగు యజమాని చేతిలో మిగిలింది ఒక్క ఈటీవీ మాత్రమే.

6

యజమాని మారితే ప్రేక్షకుడికేం అని అడిగేవారున్నారు. తెలుగు యజమాని మాత్రం ఏం ఒరగబెట్టాడు అని కూడా అడుగుతారు. రెండవ ప్రశ్నలో న్యాయముంది. ప్రాంతీయ యజమాని తన పార్టీని మోశాడు, తన వర్గపు భాషను ప్రామాణికం చేశాడు, మండల విలేకరి శ్రమను చవగ్గా వాడుకున్నాడు. అతన్ని ‘మనవాడు’ అనుకోవడం భ్రమ.

కాని మొదటి ప్రశ్నకు జవాబు ఉంది. ప్రాంతీయ యజమాని బతుకు జిల్లా పాఠకుడి మీద ఆధారపడి ఉండేది. అనంతపురం అతన్ని విడిచిపెడితే అతనికి నష్టం. దూబగుంట ఆడవాళ్లను కాదంటే అతని పత్రికకే చేటు. అతనితో పేరుపెట్టి తగువుపడవచ్చు, ఆఫీసు ముందు ధర్నా చేయవచ్చు, పోటీ పత్రికలో దులపవచ్చు. నూనె నుంచి టెలిఫోను దాకా అమ్మే మహాసంస్థకు ఒక వార్తా చానల్ దాని జమాఖర్చుల్లో ఒక చిన్న పద్దు. గాండ్లపెంట ఆ పద్దులో కనిపించదు. అక్కడి కరువును అది దాచిపెట్టాలని కోరుకోదు. ఆ కరువుతో దానికి పనే ఉండదు. పాత యజమాని మన వార్తను వంకరగా చెప్పాడని కోప్పడ్డాం. కొత్త ఏర్పాటులో ఆ వంకర వార్తకైనా చోటుంటుందన్న భరోసా లేదు.

ప్రాంతీయ పెట్టుబడి తనంతట తాను మహాపెట్టుబడి ముందు నిలవలేదని ఈ యాభై ఏళ్ల చరిత్ర చెబుతున్నది. ప్రాంతంలో దాన్ని పెంచిన విస్తరణ సూత్రమే, మరింత సొమ్ము కోసం దాన్ని పెద్ద పెట్టుబడి గుమ్మం దగ్గరికి నడిపించింది. అయితే మూడు విషయాలు సాధించుకోవలసినవిగా మిగిలే ఉన్నాయి: ఏ చానల్‌లో ఎవరి డబ్బున్నదో ప్రజలకు ఎప్పటికప్పుడు తెలియాలి, పత్రిక, చానల్, కేబుల్, టెలిఫోను ఒకే చేతిలో పడకుండా చట్టం అడ్డుపడాలి, 1995 తీర్పు కోరిన స్వతంత్ర ప్రజా ప్రసార వ్యవస్థ జిల్లా స్థాయిదాకా రావాలి. మండల విలేకరికి మర్యాదైన జీతం రానిదే వీటిలో ఏదీ నిలవదు.

1975లో 2,400 పల్లెల్లో రచ్చబండ ముందు ఒక సెట్టు పెట్టి, అది ఊరందరిదీ అన్నారు. ఇప్పుడు ప్రతి చేతిలోనూ తెర ఉంది. గాండ్లపెంట రైతు తన ఎండిన చేనును తానే ఫోనులో చిత్రించి పంపగలడు. ఆ దృశ్యం పోయే దారి మాత్రం ఇంకా ఇతరులదే. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని కోర్టు చెప్పి ముప్పై ఏళ్లు దాటింది. ఆ ఆస్తిని స్వాధీనం చేసుకోవడం మిగిలి ఉంది.